మా అక్క అడిగి తెచ్చుకున్న పరీక్ష

మా అక్క మంచిదని ఎవరైనా అంటే నమ్మకండి. మంచిదే కావచ్చు, కానీ ఆ మంచితనం కింద పడి నలిగినవాళ్లలో మొదటివాణ్ణి నేను. ఆవిడకి నలభై రెండేళ్లు, నాకు ముప్పై ఎనిమిది. ఆ నాలుగేళ్ల తేడాకి ఆవిడ నా మీద చలాయించిన పెత్తనం నాలుగు జన్మలకి సరిపోతుంది. నేను ఏ చొక్కా తొడుక్కోవాలో, ఎవరితో తిరగాలో, ఆఖరికి ఏ ఉద్యోగంలో చేరాలో కూడా ఆవిడే తేల్చింది. మిల్లువాళ్ల పిల్లల బడిలో గుమాస్తా పని ఖాళీగా ఉందని తెలిసిన రోజున నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయి హెడ్మాస్టరు ముందు నిలబెట్టింది. "వీడు మగ్గం దగ్గర పనికిరాడు సార్, రాతపనికైనా పనికొస్తాడేమో చూడండి" అంది. అదీ నా గురించి ఆవిడ చేసిన సిఫార్సు.

ఆవిడది బట్టల మిల్లులో మరమగ్గాల మీద నేతపని. పదహారో ఏట చేరింది. ఒక్కో షెడ్డులో రెండు వందల మగ్గాలు. అవి ఒక్కసారి మొదలయ్యాయంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని మిల్లువాళ్లు అరవరు. గొంతు వాడకుండా పెదవులు మాత్రం కదిపి మాట్లాడుకుంటారు. ఎవరి కోడలు నీళ్లోసుకుందో, ఎవరి మొగుడు రాత్రి తాగి ఎక్కడ పడ్డాడో, షెడ్డు ఈ చివర పుట్టిన కబురు చప్పుడు లేకుండా ఆ చివరికి చేరిపోతుంది. అవతలి మనిషికి అర్థం కాలేదా, నోరు ఇంకాస్త పెద్దగా తెరిచి, ఇంకాస్త నిదానంగా చెబుతారు. గొంతు చించుకునేవాణ్ణి చూసి నవ్వుతారు, వీడెవడో నిన్ననే చేరాడని.

ఇరవై ఆరేళ్లలో ఆ మగ్గాలు మా అక్క చెవులు రెండూ తినేశాయి. ఇప్పుడు పక్కనే పిడుగు పడితే "ఎవరో తలుపు కొట్టినట్టుంది" అంటుంది. ఇంట్లో అందరూ ఆవిడతో పెదవులతోనే మాట్లాడతారు. ఎదురుగా నిలబడి నోరు కదిపితే చాలు, ఒక్క మాట పోనివ్వదు. ఆవిడ మాట మాత్రం బయటివాళ్ల దగ్గర గొంతుతోనే వస్తుంది. తన గొంతు తనకి వినపడదు కాబట్టి దానికి ఎక్కువా తక్కువా ఉండవు. మిల్లులో ఆవిడ పేరు మైకు. మా బావ అదే మిల్లులో యంత్రాలకి నూనె వేసే మనిషి, పగలంతా కలిపి పది మాటలు కూడా మాట్లాడడు. ఏమయ్యా ఇంత మౌనం అంటే, "మా ఇద్దరి వాటా మీ అక్కే మాట్లాడేస్తుంది బావా, నాకేం మిగిలింది?" అంటాడు.

వాళ్లకి ఒక్కతే కూతురు, ఎనిమిదేళ్లది. బుల్లి అంటాం. మా బడిలోనే మూడో తరగతి. లెక్కల్లో దిట్ట. తోటి పిల్లలతో చక్కగా మాట్లాడుతుంది, నన్ను చూస్తే "మామయ్యా" అని కేకేస్తుంది. తల్లి దగ్గరకి వెళ్లగానే గొంతు కట్టేసి పెదవులకి పని చెబుతుంది. పుట్టిన దగ్గర్నుంచీ అంతే కాబట్టి అందులో వింత ఉందని మాకెవరికీ తోచలేదు.

ఇక ఆ భాష సంగతి. మా మిల్లులో పై అంతస్తువాళ్లు మాట్లాడేది వేరే భాష. మేం దాన్ని ఆఫీసు భాష అంటాం. నోటీసులు అందులోనే, యంత్రాల మీద రాతలు అందులోనే, మమ్మల్ని తిట్టే తిట్లు కూడా అందులోనే. బడిలో ఇంతకుముందు నాలుగో తరగతి నుంచి వారానికి ఒక గంట చెప్పేవారు, ఇష్టమైనవాళ్లు వినేవారు, కానివాళ్లు కిటికీలోంచి చూసేవారు. పోయిన ఏడాది బడి కమిటీవాళ్లు కొత్త సంగతి ఎత్తారు. మూడో తరగతి నుంచే ఆఫీసు భాష అందరూ చదివి తీరాలి, ఏడాది చివర నోటితో పరీక్ష, అందులో తప్పితే అదే తరగతిలో మళ్లీ కూర్చోవాలి. తల్లిదండ్రులని పిలిచి అడిగి ఖాయం చేద్దామన్నారు.

నాకు ఒళ్లు మండింది. మూడో తరగతి రిజిస్టరు రాసేవాణ్ణి నేను. ఆ పిల్లల్లో సగం మందికి సొంత భాషలో నాలుగు వాక్యాలు తిన్నగా రాయడం రాదు. కొందరు తమ పేరే వారానికో రకంగా రాస్తారు. ఉన్న భాషకే గతి లేదు, ఇంకో భాష ఎక్కడ పెట్టుకుంటారు? పైగా యాభై ముగ్గురు పిల్లలకి ఒక్క మేష్టారు. ఆయన చెప్పేది చదువు కాదు, వల్లెవేత. ముందు ఆయనొక వాక్యం అంటాడు, తర్వాత గదంతా కలిసి అదే వాక్యం అరుస్తుంది. అందులో ఎవరు అన్నారో ఎవరు ఆవులించారో ఆ దేవుడికి కూడా తెలియదు.

మీటింగులో లేచి ఇదే చెప్పాను. మిల్లు జనం చప్పట్లు కొట్టారు. "మా పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలో చదివితే చాలు" అన్నారు. "తప్పించే పరీక్ష పెడితే మా పిల్లలే తప్పుతారు, మేనేజరు పిల్లలు కాదు" అని ఒకాయన బల్ల గుద్దాడు. అంతా మావైపే ఉందనుకున్నాను. అప్పుడు లేచింది మా అక్క.

ఎడమ చెయ్యి పైకెత్తి అందరికీ చూపించింది. ఆ చేతికి ఉంగరపు వేలు రెండు కణుపుల దాకా లేదు.

"ఈ వేలు ఎందుకు పోయిందో తెలుసా మీకు? కొత్త మగ్గాలు వచ్చిన వారంలో పోయింది. పక్క మూత తీసే ముందు మీట దించాలంట. ఆ మూత మీద ఎర్ర అక్షరాలతో రాసే ఉంది. ఆఫీసు భాషలో! నేను అది కంపెనీ పేరనుకున్నాను. వేలు పోయాక కాయితం ఇచ్చారు, హెచ్చరిక రాసి పెట్టాం, చదువుకోకపోవడం పనివాళ్ల తప్పు అని. ఆ కాయితం కూడా ఆఫీసు భాషలోనే ఇచ్చారు. వాళ్లకీ వీళ్లకీ చూపించి చదివించుకున్నాను. నా తర్వాత ఆరేళ్లకి చేరినవాడు నాకు మేస్త్రీ అయ్యాడు. ఎందుకు? నోటీసు చదవగలడు కాబట్టి. మీ పిల్లలకి కావాలంటే వేళ్లు ఇచ్చుకోండి. నా పిల్ల మాత్రం చదివి తీరాలి."

గది కంపించిపోయింది. అసలే మైకు, అందులోనూ కోపంలో ఉంది. ఎవరో "అలాగైతే నేర్పండి, పరీక్ష మాత్రం వద్దు" అన్నారు. అక్క ఆ మనిషి పెదవుల మీంచే ఆ మాట అందుకుంది.

"పరీక్ష లేకపోతే చచ్చినా ఎవరూ చదవరు. పరీక్ష ఉండాలి, తప్పినవాళ్లు ఉండిపోవాలి. ఎవరికీ మినహాయింపు వద్దు. మేనేజరు కొడుకైనా ఒకటే, నా కూతురైనా ఒకటే. రాసుకోండి సార్!"

ఆ రాసుకునేవాణ్ణి నేనే. అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ చెబుతాను. చేతిలోని రిజిస్టరు ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుని, పక్కనున్న మనిషితో "చెవులు లేనిదానికి రెండు భాషలు కావాలట" అన్నాను. అతను కిసుక్కుమన్నాడు. మిల్లు మనుషుల ముందు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడటం కంటే అమ్మా ఆలీ తిట్టడం నయం. నువ్వు నా మనిషివి కాదని చెప్పడమే అది. అక్క చూసింది.

"ఒరేయ్, ఆ రిజిస్టరు దించు. ఏమన్నావో నా మొహం మీద అను."

నేను ఆ రిజిస్టరులోనే తల దూర్చి రాసుకుపోయాను. ఆ రోజు కమిటీవాళ్లు ఆవిడ మాటలనే తమ మాటలుగా చేసుకుని రూలు ఖాయం చేసేశారు. జనం బయటికి వస్తూ ఆవిడని తిట్టని తిట్టు లేదు. కొరివితో తల గోక్కుంటోందని ఒకరు, మేనేజరుకి అమ్ముడుపోయిందని ఒకరు. షెడ్డులో ఆవిడ పక్క మగ్గం మనిషి మూడు నెలలు ఆవిడ వైపు తిరగలేదు. నేను ఎనిమిది నెలలు ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. దారిలో ఎదురుపడితే ఆవిడ తల తిప్పుకునేది, నేను అటువైపు గోడ మీద ఏదో ముఖ్యమైనది రాసి ఉన్నట్టు చదువుకునేవాణ్ణి.

ఆ ఎనిమిది నెలలూ ఆవిడ ఏం చేసిందో బావ నోట విన్నాను. మేష్టారు పరీక్షకి ఇరవై ప్రశ్నలు, వాటికి జవాబులు పిల్లలచేత రాయించి ఇచ్చాడు, ఆఫీసు భాష మాటలే మన అక్షరాల్లో. ఆవిడ షిఫ్టు దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఆ కాయితం ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. బుల్లి ఎదురుగా నిలబడి చెప్పేది. ఒక మాట తప్పితే మొదటి నుంచి చెప్పించేది. రోజూ గంటసేపు, సెలవు రోజున రెండు గంటలు. ఆ ఇరవై జవాబులూ తల్లికి కూడా కంఠతా వచ్చేశాయి. "పిల్ల గడగడా చెప్పేస్తోంది, ఆఫీసు మేస్త్రీ కూడా అంత బాగా చెప్పడు" అని ఇంటింటికీ చాటిందట. బావకి ఆ గంట నూనె డబ్బాల లెక్కతో, పెరట్లో మొక్కలతో సరిపోయేది. నేను ఉండి ఉంటే ఏమైనా కనిపెట్టేవాణ్ణేమో. కానీ నేను పంతం పట్టి ఇంట్లో కూర్చున్నాను కదా.

పరీక్ష పెట్టడానికి బయటి నుంచి ఒకాయన వచ్చాడు. నున్నగా గీసిన గడ్డం, మడత నలగని చొక్కా. పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతాడు, మార్కు చెబుతాడు, నేను పక్కన కూర్చుని రాయాలి. ఇరవైకి ఎనిమిది వస్తే గట్టెక్కినట్టు. మొదటి పిల్లాణ్ణి నీ పేరేమిటి అని అడిగితే "ఎనిమిదేళ్లు" అని అరిచాడు. అది కాయితంలో రెండో ప్రశ్న జవాబు. ఆయన వరస మార్చి అడిగేసరికి వాడి బండి పట్టాలు తప్పింది. అయినా గొంతు పెద్దది కాబట్టి నోటికొచ్చిందల్లా అరిచి తొమ్మిది మార్కులతో బయటపడ్డాడు. ఇదీ ఈ పరీక్ష సంగతని లోపల్లోపల పళ్లు నూరుకున్నాను.

బుల్లి వచ్చింది. తల నున్నగా దువ్వి, రెండు జడలు గట్టిగా వేసి పంపించింది తల్లి. ఆ తల్లి కూడా సెలవు పెట్టి వచ్చి వరండాలో కిటికీ బయట నిలబడింది.

ఆయన మొదటి ప్రశ్న అడిగాడు. బుల్లి ఆయన మొహంలోకి సూటిగా చూసి పెదవులు కదిపింది. చప్పుడు లేదు.

"వినపడలేదు" అన్నాడాయన, చెవి దగ్గర చెయ్యి పెట్టి.

వినపడనివాళ్లకి ఎలా చెప్పాలో ఆ పిల్లకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. నోరు ఇంకా పెద్దగా తెరిచి, ఒక్కో మాటా విడదీసి, నిదానంగా చెప్పింది. ఒక్క తప్పు లేదు. గుమాస్తాగిరీలో నాకంటుకున్న ఆ కాస్త ఆఫీసు భాషతో నేను ఆ పెదవులు చదవగలిగాను. ఆయన మొహం ఎర్రబడింది. రెండో ప్రశ్న అడిగాడు. అదీ అంతే. మూడో ప్రశ్నకి పిల్ల దవడలు నొప్పి పుట్టేంత పెద్దగా తెరిచింది. ఎదుటివాణ్ణి చెవిటివాడిగా కట్టి వెక్కిరిస్తోందని ఆయన అనుకున్నాడు.

అప్పుడు నాకు వెలిగింది. మన భాషకి ఆ పిల్ల దగ్గర గొంతు ఉంది. వీధిలో, బడిలో, నాన్న దగ్గర నేర్చుకున్న గొంతు. ఆఫీసు భాష మాత్రం ఒక్క తల్లి ముందే నేర్చుకుంది. తల్లికి గొంతుతో పనేముంది? తరగతిలో యాభై ముగ్గురి అరుపులో ఒక్క గొంతు తక్కువైతే తెలిసేదెవరికి?

"సార్, పిల్ల సరిగ్గానే చెబుతోంది. వాళ్లమ్మకి వినపడదు, అందుకని..."

"మీకు ఏమవుతుంది?"

"మేనకోడలు."

"అదీ సంగతి. అందుకే మీకు వినపడుతోంది."

"బుల్లీ, గొంతుతో చెప్పవే" అన్నాను. ప్రయత్నించింది పాపం. కీచుమని ఒక ముక్క బయటికి వచ్చింది. ఆ భాషలో తన గొంతు తనకే కొత్త. ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత పెదవులు కూడా కదల్లేదు.

"సున్నా" అన్నాడాయన. "రాయండి."

పిల్లలందరి పరీక్షా ముగియగానే హెడ్మాస్టరు దగ్గరకి పరుగెత్తాను. ఆయన నా మాటంతా విని, మీటింగు రాతలున్న పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. "ఎవరికీ మినహాయింపు వద్దు. ఎవరన్నారు? మీ అక్కగారే. రాసిందెవరు? మీరే. ఇప్పుడు నేను మారిస్తే మిగతా పద్నాలుగు మంది తల్లులు వచ్చి నా కాలరు పట్టుకుంటారు." నేను ఇంకా గట్టిగా పోట్లాడి ఉండాల్సింది. బల్ల విరగ్గొట్టి ఉండాల్సింది. చేయలేదు. ఎందుకంటే నా లోపల ఒక మూల సంతోషంగా ఉంది. అనుభవించు, నువ్వు అడిగి తెచ్చుకున్నదేగా, అని ఆ మూల నుంచి ఎవడో అంటున్నాడు. వాడు నేనే. ఆ సంతోషానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మూడో రోజు గోడ మీద తప్పినవాళ్ల జాబితా అంటించాను. పదిహేను పేర్లు. గంట తిరక్కుండా అక్క నా గదిలోకి ఊడిపడింది. షిఫ్టు మధ్యలోంచి వచ్చినట్టుంది, జుట్టు నిండా దూది నూగు. ఒక చేత్తో బుల్లిని ఈడ్చుకొస్తోంది.

"ఒరేయ్ దొంగసచ్చినోడా! కక్ష ఉంటే నా మీద తీర్చుకోరా! పిల్ల మీదా నీ ప్రతాపం?"

బడి బడంతా కిటికీల దగ్గరికి వచ్చేసింది. నేను లేచి తలుపు వేశాను. వేసి ప్రయోజనం లేదనుకోండి.

"నేను రాయలేదక్కా. ఆయన సున్నా అన్నాడు."

"ఎందుకంటాడు? కిటికీ దగ్గరే ఉన్నాను నేను. మూడు అడిగాడు, మూడూ చెప్పింది. పక్కనున్న తల్లులకి కూడా చెప్పాను మూడూ సరిగ్గా చెప్పిందని. తర్వాత నువ్వు మధ్యలో ఏదో వాగావు, పిల్ల బెదిరిపోయింది. నువ్వే చెడగొట్టావు. కావాలని చెడగొట్టావు!"

"అక్కా, ఆ పిల్ల నోట్లోంచి చప్పుడు రాలేదు."

"అబద్ధం! నేను విన్నాను!"

"వినలేదక్కా" అన్నాను. "చూశావు."

ఈ మాటని నేను కోపంతోనే అన్నాను. ఎనిమిది నెలల కోపం అది. అంటున్నప్పుడు నోటికి ఏదీ అడ్డం లేదు, ఆవిడ నా పెదవుల మీంచి ఆ రెండు మాటలూ ఏరుకుంది. ఇంకో తిట్టు తిట్టబోయి ఆగిపోయింది. నా వైపు చూసింది, బుల్లి వైపు చూసింది. ఆవిడకి అర్థమవుతోందని, ఎంత మాత్రం అర్థం చేసుకోదలచలేదని రెండూ ఒకేసారి కనిపించాయి.

బుల్లిని తన ముందుకి లాక్కుని మోకాళ్ల మీద కూర్చుంది. వేలు లేని ఆ చేతిని పిల్ల గొంతు మీద ఆనించింది.

"మీ నాన్నని పిలు, పెరట్లో ఉన్నప్పుడు పిలిచినట్టు పిలు."

"నాన్నా!" అంది బుల్లి. ఆ చేతికింద గొంతు అదిరి ఉంటుంది. అక్క తల ఊపింది.

"ఇప్పుడు మొదటి జవాబు చెప్పు."

బుల్లి చెప్పింది. అక్క చెయ్యి అలాగే ఉంది. రెండోది చెప్పమంది. మూడోది. పిల్ల ఒక్క తప్పు లేకుండా చెబుతూ పోయింది, ఎనిమిది నెలలు రోజూ చెప్పినట్టే, తల్లి కళ్లలోకి చూస్తూ. అక్క కళ్లు ఆ పెదవులని చదువుతున్నాయి, చెయ్యి మాత్రం ఏమీ అందక అక్కడే ఉండిపోయింది. నాకు ఆవిడ మీద కోపం అప్పటికీ పోలేదు. రూలు పెట్టినవాళ్ల మీద, గడ్డం నున్నగా గీసుకున్న ఆయన మీద, నా మీద కూడా కోపమే. ఎవరి మీద ఎంత పంచాలో తెలియక బల్ల పట్టుకుని నిలబడ్డాను.

పదో జవాబు దగ్గర అక్క కళ్ల వెంట నీళ్లు కారడం మొదలైంది. బుల్లి కంగారుపడి ఆగింది. తన తప్పేదో వెతుక్కుంటున్నట్టు ఒకసారి నా వైపు చూసి, మళ్లీ తల్లి వైపు తిరిగి పెదవులు కదిపింది.

"వినపడలేదా అమ్మా? ఇంకా పెద్దగా తెరవనా?"

అని, తల్లి జవాబు కోసం ఆగకుండా, మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టింది.